క్రమబద్ధీకరణ ప్లాట్లకేనా?

ఈ పుటలో ఏదైనా వ్రాసి చాలా కాలమైంది. ఛందస్సు మీద మొదలుపెట్టిన టపాలు సగంలో ఆగిపోయాయని గుర్తు చేసిన మిత్రులకు క్షమాపణలు. ఈనాటి టపా కూడా సాహిత్యం కాదు. పోయిన నెల ఒక పెళ్ళిలో విన్న నాలుగు మాటలు గొంతులో ముల్లులా దిగబడి ఉన్నాయి. వాటిని పెకలిస్తే గానీ మరొక పని సాగేట్టు లేదు.

శ్రీశైలం రోడ్డు మీద, మా తుక్కుగూడకు దగ్గరలోనే ఒక ఫంక్షన్ హాలు. నా భార్య తమ్ముడి కొడుకు న్యూజెర్సీ నుంచి పెళ్ళికి వచ్చాడు. భోజనాల దగ్గర సంభాషణ అమెరికా మీదికి మళ్ళింది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళతో ఒక సైనిక విమానంలో ఎక్కించి అమృత్‌సర్‌లో దింపిన ఘట్టాన్ని ఎవరో ప్రస్తావించారు. "మనోళ్ళు కాదులే, పంజాబోళ్ళు, గుజరాతోళ్ళు" అని ఒకాయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో దుఃఖం లేదు, ఊరట ఉంది. అప్పుడు మావాడు అన్నాడు: "మంచి పనే జేసిండ్రు మామా. చట్టం మీరినోడు చట్టం మీరినోడే. మేం పన్నెండేండ్లు లైన్ల నిలబడి కార్డు తెచ్చుకున్నం. గీళ్ళేమో దొంగతనంగ ఉంటరు, పిల్లలు పెద్దగైనంక ఆ పిల్లల పేరు జెప్పి కార్డు తీసుకుంటరు. మీ శిష్యుని బిడ్డ గట్లనే తల్లికి ఇప్పిచ్చిందట గద?"

చేతిలో పళ్ళెం ఉంది, చుట్టూ బంధువులున్నారు, ఏమీ అనలేకపోయాను. వయసు పెరిగిన కొద్దీ జవాబులు ఆలస్యంగా తడతాయి. ఆ జవాబే ఈ టపా. వాడు ఇది చదువుతాడనే ఆశతోనే వ్రాస్తున్నాను.

ముందుగా ఆ శిష్యుని సంగతి. పేరు చెప్పను. పదో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చి, చెన్నైకి వెళ్ళి వీసా ముద్ర వేయించుకొని, 2000వ సంవత్సరం ఫిబ్రవరిలో హెచ్-1బి మీద విమానమెక్కాడు. (హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గానీ రాలేదు. అంతకు ముందు మనవాళ్ళందరికీ వీసా అంటే చెన్నై ప్రయాణమే.) ఆ వేసవిలోనే భార్యా, నాలుగేళ్ళ కూతురూ వెళ్ళారు. ముగ్గురూ వీసాతో, ముద్రతో, రాజద్వారం గుండా ప్రవేశించినవారే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

2001లో సాఫ్ట్‌వేరు వ్యాపారం కుప్పకూలింది. అతన్ని పిలిపించుకున్న సంస్థ జీతం లేకుండా కొన్నాళ్ళు 'బెంచి' మీద కూర్చోబెట్టి, ఆ సంవత్సరం చివర పొమ్మంది. ఇప్పుడైతే ఉద్యోగం పోయినవారికి మరొకటి వెదుక్కొనేందుకు 60 రోజుల వరకు గడువుంది. ఆ గడువు 2017 జనవరిలో వచ్చింది. 2001లో అటువంటి దయ ఏదీ లేదు. ఉద్యోగం పోయిన మరునాటినుంచి ప్రతివాడూ ఇంటికి పోవలసినవాడే. వీసా కోసం చేసిన అప్పు ఊళ్ళో అలాగే ఉంది. 'ఇవాళ కాకపోతే రేపు మరొక సంస్థ తీసుకుంటుంది' అనుకొంటూ ఉండగానే 2003 ఫిబ్రవరిలో చేతిలోని కాగితం గడువు తీరింది. అప్పటినుంచి పెట్రోలు బంకులో రాత్రి కాపలా, ఆ పైన ఒక మోటెల్ లెక్కలు. దొంగతనం చేయలేదు, ఎవరినీ మోసగించలేదు. గడువు దాటాడు. అంతే.

అతని తల్లి ఇక్కడే, మా వీధిలోనే ఉండేది. విమానాశ్రయం 2008లో శంషాబాదుకు వచ్చిన తర్వాత మా నెత్తిమీద విమానాలు దిగడం మొదలైంది. ఆవిడ అరుగు మీద కూర్చొని ప్రతి విమానాన్నీ చూసేది. "సారూ, గిండ్ల అమెరికాది ఏది?" అని నన్ను అడిగేది. నాకు తెలియదు. తెలిసినట్టు ఏదో ఒకటి చూపించేవాణ్ణి.

2019 నవంబరులో ఆవిడకు తీవ్రంగా జబ్బు చేసింది. అతను అక్కడ ఒక సలహాదారును అడిగాడు. న్యాయవాది కాదు, ఫారాలు నింపిపెట్టి రుసుము తీసుకొనే మనిషి, మన తెలుగువాడే. "పోయి రండి, అమ్మాయి సిటిజన్ అయినాక మిమ్మల్ని పిలిపించుకుంటుంది, ఏడాది పని" అన్నాడట. అతను వచ్చాడు. తల్లి రెండు రోజులు కొడుకు చెయ్యి పట్టుకొని ఉండి కన్నుమూసింది. కర్మకాండలన్నీ ముగిసిన తర్వాత తెలిసింది, ఆ సలహాదారు చెప్పని మాట ఒకటి ఉందని.

1996 సెప్టెంబరు 30న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన వలస చట్టంలో ఒక నిబంధన ఉంది. అనుమతి లేకుండా ఒక సంవత్సరమో, అంతకు మించో ఆ దేశంలో ఉన్నవాడు దేశం విడిచిన క్షణం నుంచి పదేళ్ళపాటు తిరిగి అడుగుపెట్టరాదు. ఆరు నెలలు దాటి ఏడాది లోపైతే మూడేళ్ళు. 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ లెక్క మొదలైంది. చిత్రమేమిటంటే, ఈ శిక్ష దేశంలో ఉన్నందుకు పడదు, విడిచినందుకు పడుతుంది. ఉల్లంఘన పదహారేళ్ళు సాగుతున్నంత కాలం కత్తి ఒరలోనే ఉంటుంది. చట్టం చెప్పినట్టే దేశం విడిచిన రోజున మెడ మీద పడుతుంది.

ఇప్పుడు కూతురి సంగతి. నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రుల వెంట వెళ్ళిన ఆ పిల్లకు 2012లో, పదహారేళ్ళ వయసులో, ఒబామా ప్రభుత్వం తెచ్చిన 'డాకా' కింద తాత్కాలిక రక్షణ దొరికింది. చదువుకుంది. 2018లో ఒక అమెరికా పౌరుణ్ణి వివాహమాడింది. మరుసటి సంవత్సరం గ్రీన్‌కార్డు, 2023లో పౌరసత్వ ప్రమాణం. ప్రమాణం చేసిన వారంలోనే తల్లి పేరిట, తండ్రి పేరిట రెండు అర్జీలు పెట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన పౌరుల తల్లిదండ్రులకు అమెరికా చట్టంలో సంఖ్యాపరిమితి లేదు, వరుస లేదు. 1965 నాటి చట్టం నుంచి ఇది అలాగే ఉంది.

తల్లి దేశం విడిచిపెట్టలేదు. ఆమె వీసాతో, ద్వారం గుండా వచ్చిన మనిషి. అటువంటి తల్లిదండ్రులకు, గడువు దాటి ఉన్నా, అనుమతి లేకుండా పనిచేసినా, పౌరుల సమీప బంధువులన్న కారణంగా ఆ రెండు తప్పులనూ చట్టమే ప్రక్కన పెడుతుంది. దేశంలో ఉండగానే నివాసహక్కు ఇస్తుంది. 2024లో ఆమెకు కార్డు వచ్చింది.

తండ్రి దేశం విడిచిపెట్టాడు. తల్లి చివరిచూపు కోసం. అతనికి 2029 నవంబరు దాకా ప్రవేశం లేదు.

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తిన్న ఇద్దరు. ఒకే నేరం, అది నేరమైతే. ఇద్దరికీ బిడ్డ ఒక్కతే, అర్జీ పెట్టినదీ ఆ బిడ్డే. ఒకరికి కార్డు, మరొకరికి పదేళ్ళ బహిష్కారం. తేడా అల్లా ఆ రెండోవాడు తల్లికి కొరివి పెట్టడానికి రావడమే.

ఈ నిషేధానికి మినహాయింపు ఉంది. దాన్ని గురించి తెలుసుకొన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. దరఖాస్తుదారుని భార్య లేదా భర్త గానీ, తల్లి లేదా తండ్రి గానీ పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండి, ఈ మనిషి రాకపోతే వారికి తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపిస్తే నిషేధాన్ని తొలగించవచ్చు. భార్య ఉంది, భర్త ఉంది, తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. ఆ జాబితాలో బిడ్డ లేదు. రమ్మని అర్జీ పెట్టే అర్హత ఉన్న బిడ్డ, తన జీతం చూపించి 'నా తల్లిదండ్రులు ప్రభుత్వానికి భారం కారు' అని హామీపత్రం మీద సంతకం చేసే బిడ్డ, ఆ దేశపు జెండా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసిన బిడ్డ, 'మా నాన్న లేక నాకు కష్టంగా ఉంది' అంటే మాత్రం చట్టానికి వినిపించదు. పౌరురాలి మాటకు డబ్బు దగ్గర విలువ ఉంది, కన్నీటి దగ్గర లేదు.

అతని కేసులో దారి ఎలా తెరుచుకుందో చూడండి. కూతురి వలన తల్లికి కార్డు వచ్చింది. కార్డు రావడంతో తల్లి 'శాశ్వత నివాసి' అయింది. కాబట్టి ఇప్పుడు ఆమె కష్టం లెక్కలోకి వస్తుంది. 2023లో ఆమె కష్టపడలేదు కాబోలు, 2024లో కార్డు చేతికి వచ్చిన మధ్యాహ్నం నుంచి కష్టపడడం మొదలుపెట్టింది! 2025 జూన్‌లో ముంబైలో ఇంటర్వ్యూ జరిగింది. (వలస వీసాలకు మనవాళ్ళు ఇప్పటికీ ముంబై పోవలసిందే, హైదరాబాదులో ఇవ్వరు.) అనుకున్నట్టే అనర్హుడన్నారు. ఆ పిమ్మట మినహాయింపు కోసం దరఖాస్తు పంపారు. అది ఇంకా తేలలేదు.

ఆ దరఖాస్తుల కాగితాల పని కొంత నా మీద పడింది. తల్లికైతే కూతురి జనన ధృవపత్రం చాలు. తండ్రికైతే దానితోపాటు తల్లిదండ్రుల వివాహ ధృవపత్రం కూడా కావాలి. 1994లో ఊళ్ళో జరిగిన పెళ్ళిని నమోదు చేయించిన పుణ్యాత్ముడెవరు? మన రాష్ట్రంలో వివాహ నమోదు నిర్బంధం చేస్తూ చట్టం వచ్చిందే 2002లో. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళలో బ్రతికి ఉన్నవాళ్ళను వెదికి, ఇబ్రహీంపట్నంలో నోటరీ చేయించి, పెళ్ళి ఫొటోలు జతచేసి, ఆలస్యపు నమోదు చేయించాం. కూతురి జనన ధృవపత్రంలో పిల్ల పేరు గడి ఖాళీ. తండ్రి పేరులో ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక, పదో తరగతి మెమోలో అసలు ఒక్క పొడి అక్షరం. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! ఆ ముగ్గురూ ఒకడేనని నిరూపించడానికి నాలుగు నెలలు పట్టింది. ముప్పై ఏళ్ళు సంధులూ సమాసాలూ విడగొట్టించిన నాకు ఒక మనిషిని కలపడం అంత కష్టమని అప్పుడు తెలిసింది.

ఇక మావాడి వాదనకు వస్తాను. వాడి కోపంలో న్యాయమైన భాగం ఉంది, దాన్ని కాదనను. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ దేశానికైనా ఏడు శాతానికి మించకూడదన్న నియమం వలన భారతీయులు ఏళ్ళకేళ్ళు, ఇప్పుడైతే దశాబ్దాలు, వరుసలో నిలబడుతున్నారు. వీసా మీద తెచ్చుకున్న పిల్లలు ఇరవై ఒకటి నిండగానే తల్లిదండ్రుల నీడ నుంచి జారిపోతున్నారు. ఇది అన్యాయమే. కానీ ఆ అన్యాయం చేసింది పెట్రోలు బంకులో రాత్రి కాపలా ఉన్న నా శిష్యుడా? పౌరుల తల్లిదండ్రులకు ఇచ్చే కార్డులు ఆ 1,40,000 లెక్కలోనివి కావు. ఆ తల్లికి వచ్చిన కార్డు వలన న్యూజెర్సీ వరుసలో ఒక్క మనిషి కూడా ఒక్క అడుగు కూడా వెనక్కు జరగలేదు.

అంతకంటె ముఖ్యమైన మాట. అబ్బాయీ, నువ్వు 2017లో పౌరుడివైన తర్వాత మొదట చేసిన పని ఏమిటి? మీ అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు తెప్పించడం. ఏడాదిన్నరలో వచ్చింది. ఏ నిబంధన కింద? ఆ పిల్ల తన తల్లికి తెప్పించిన నిబంధన కిందే. ఇరవై ఒకటి నిండిన పౌరుడు, తల్లి, తండ్రి, సంఖ్యాపరిమితి లేదు. రెండు చలికాలాలు మంచు చూసి, మాట్లాడే దిక్కు లేక, మీ నాన్న "నాకొద్దురా ఈ జైలు" అని తిరిగివచ్చేశాడు. కార్డు బీరువాలో పడి చెల్లకుండా పోయింది. అక్కరలేని తల్లిదండ్రులకు నువ్వు తెప్పించుకున్నది కొడుకు ధర్మం. ఇరవై నాలుగేళ్ళు అక్కడే బ్రతికి, అక్కడే బిడ్డను పెంచిన తల్లికి ఆ బిడ్డ తెప్పించుకుంటే దొంగదారి!

'వాళ్ళు చట్టం మీరారు, మేం మీరలేదు' అంటావు. సరే, మన ఊరి సంగతి చూద్దాం. తుక్కుగూడ చుట్టుపక్కల 2006లో ఫ్యాబ్ సిటీ ప్రకటించిన నాటినుంచి, విమానాశ్రయమూ అవుటర్ రింగు రోడ్డూ వచ్చిన నాటినుంచి, పొలాలు ప్లాట్లైపోయాయి. అందులో ఎన్నింటికి సక్రమమైన లేఅవుటు ఉంది? గ్రామపంచాయతీ కాగితం మీద గీసిన గీతలే కదా! నువ్వు మంఖాల్ వైపు కొన్న రెండు ప్లాట్లూ అటువంటివే. ఆ సంగతి కొనేటప్పుడే తెలుసు. "ఏం గాదు మామా, తర్వాత రెగ్యులరైజు జేస్తరు" అన్నావు. చేశారు కూడా. ప్రభుత్వం 2015లో ఒకసారి, 2020 ఆగస్టు 31న ఉత్తర్వుతో మరొకసారి ఎల్.ఆర్.ఎస్. పెట్టింది. నీ తరఫున ప్లాటుకు రూ.1,000 రుసుము కట్టి దరఖాస్తు పెట్టింది నేనే. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు న్యూజెర్సీ నుంచి అర్ధరాత్రి ఫోను చేసి తొందరపెట్టింది నువ్వే.

ప్రభుత్వ స్థలాల్లో కట్టుకొన్న ఇళ్ళకు 2014లో 58, 59 నెంబరు జీవోలు వచ్చాయి. తెల్లకాగితం మీద వ్రాసుకొన్న భూముల కొనుగోళ్ళకు, అంటే సాదాబైనామాలకు, క్రమబద్ధీకరణ వచ్చింది. వీటిని నేను తప్పు పట్టడం లేదు. సాదాబైనామా మీద రెండెకరాలు కొని ముప్పై ఏళ్ళు దున్నినవాణ్ణి 'నీ కాగితానికి స్టాంపు లేదు, పో' అనడం అన్యాయమని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. చట్టం ఒక తేదీ పెడుతుంది, కొంత జరిమానా వసూలు చేస్తుంది, జరిగినదాన్ని గుర్తిస్తుంది. ఎందుకంటే అక్కడ ఇల్లు కట్టారు, బావి తవ్వారు, పిల్లలు పుట్టారు. ఇంత ఇంగితం మట్టి విషయంలో ఉన్న మనకు మనిషి విషయంలో ఎక్కడికి పోతుంది?

అమెరికాకు కూడా ఈ ఇంగితం ఒకప్పుడు ఉండేది. 1929లోనే 'రిజిస్ట్రీ' అన్న పేరుతో ఒక నిబంధన పెట్టారు. ఫలానా తేదీకి ముందునుంచి దేశంలో ఉండి, సత్ప్రవర్తన కలవారికి, వచ్చిన దారి ఏదైనా, నివాసహక్కు ఇవ్వవచ్చు. అచ్చం మన ఎల్.ఆర్.ఎస్. కటాఫ్ తేదీ లాంటిదే. ఆ తేదీని అప్పుడప్పుడు ముందుకు జరుపుతూ వచ్చారు. చివరిసారి జరిపింది 1986లో, 1972 జనవరి 1కి. అక్కడే ఆగిపోయింది. అదే 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం సుమారు 27 లక్షల మందికి నివాసం ఇచ్చింది. ఆ తర్వాత, వెయ్యి డాలర్ల జరిమానా కట్టి దేశంలోనే ఉండి కార్డు తీసుకొనే వీలు కొన్నాళ్ళు ఉండేది. 2001 ఏప్రిల్ 30 నాటికి తమ పేరిట అర్జీ దాఖలైనవారికే అది పరిమితమైంది. నా శిష్యుని పేరిట సంస్థ అప్పటికి ఏ అర్జీ పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ ఇల్లు వేరుగా ఉండేది. కానీ ఈ 'ఉంటే'లతో రాత్రులు గడవవు.

మనవాళ్ళు కాదులే అన్న ఆ పెద్దాయన నిట్టూర్పు కూడా నన్ను వదలడం లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కాళ్ళకు రేడియో పట్టీలు వేయించుకున్న పిల్లలు ఎవరు? అక్కడ చేరినవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ వారే. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే దొంగ విశ్వవిద్యాలయాన్ని సాక్షాత్తూ ప్రభుత్వమే నడిపి పట్టుకొన్న విద్యార్థులలో తెలుగువారు ఎందరు? 2022 నాటికి అమెరికాలో కాగితాలు లేని భారతీయులు 7,25,000 మంది అని ప్యూ పరిశోధనా సంస్థ అంచనా. ఆ దేశపు అంతర్గత భద్రతా శాఖ అదే ఏడాదికి 2,20,000 అంది. రెండు అంచనాల మధ్య తేడాయే ఐదు లక్షలు! కళ్ళ ముందున్న మనుషులను లెక్కపెట్టడం కూడా చేతకాలేదన్నమాట. ఆ లెక్కకు రానివాళ్ళలో మన తెలుగువాడు ఒక్కడూ లేడని అరచేత్తో సూర్యుణ్ణి మూసుకుందామా?

మరీ వెనక్కు పోతే, మనం తరచుగా గర్వంతో చెప్పుకొనే యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో అడుగుపెట్టింది 1923లో. అదే సంవత్సరం ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థింద్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా ఆయన ఎంతటి శాస్త్రజ్ఞుడైనా అక్కడ పరాయివాడే. 1948లో మరణించారు. ఏది చట్టసమ్మతం అన్నది ఆ దేశంలో ఎప్పుడూ ఎవరో గీసిన గీతే. ఆ గీతకు ఇవతలపడ్డ అదృష్టాన్ని మన సుగుణంగా భావించుకోవడం ఈ మధ్య పట్టిన జబ్బు.

ఈ జబ్బు వలన జరిగే నష్టం మాటలతో ఆగదు. కాగితం లేని మనిషి మన మధ్య నోరు విప్పడు. బతుకమ్మ సంబరాలకు రాడు, గుడికి వచ్చినా వెనుక నిలబడతాడు. ఎవరినైనా అడిగితే 'అయ్యో, మీకు స్టేటస్ లేదా' అన్న చూపు ఎదురవుతుందని ఎవరినీ అడగడు. చివరికి చాటుగా ఒక సలహాదారును అడుగుతాడు. వాడు 'పోయి రండి' అంటాడు. నా శిష్యుడు తన సంగతి ధైర్యంగా ఒక్క మంచి న్యాయవాదికి చెప్పుకొని ఉంటే, విమానమెక్కితే ఏం పోతుందో తెలిసేది. తెలిసినా వచ్చేవాడేమో. తల్లి కదా! కానీ తెలిసి వచ్చేవాడు, కూతురితో చెప్పి వచ్చేవాడు. సిగ్గుపడేలా చేసింది మనం.

అందుచేత, నేను న్యాయవాదిని కాకపోయినా, ఈ ఐదారేళ్ళలో కాలిన చేతులతో తెలుసుకొన్నది కొంత చెబుతాను. అక్కడున్న మిత్రులు తమ ఎరుకలోని వారికి చెప్పండి. వీసా మీద వచ్చి గడువు దాటిన తల్లిదండ్రులకు పౌరుడైన బిడ్డ ఉంటే, చేయకూడని మొదటి పని విమానమెక్కడం. మంచి న్యాయవాదితో మాట్లాడే దాకా పెళ్ళికీ, చావుకూ, దేనికీ కదలవద్దు. ఇది వ్రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ వ్రాయక తప్పదు. పాత ప్రవేశపు ముద్ర, ఆ తెల్ల కాగితం, పాత పాస్‌పోర్టు పారేయవద్దు. ఎలా వచ్చారన్నదానికి అదే సాక్ష్యం. సరిహద్దు దాటి ముద్ర లేకుండా వచ్చినవారి కథ వేరు. వారి బిడ్డ పౌరుడైనా సాధారణంగా దేశంలో ఉండి కార్డు దొరకదు. బయటికి వస్తే పదేళ్ళు. ఆ బిడ్డ అమెరికా సైన్యంలో ఉంటే మాత్రం వేరే వెసులుబాటు ఉంది. అంటే తుపాకి పట్టిన బిడ్డ మాట కొంత వినపడుతుంది. ఇంకొకటి, ఉద్యోగపు ఫారంలో 'నేను పౌరుణ్ణి' అన్న గడిలో ఎప్పుడైనా గీత పెట్టి ఉంటే, దాన్ని న్యాయవాది దగ్గర దాచవద్దు. ఆ అబద్ధానికి ఈ దారిలో క్షమాపణ లేదు. మరొక మాట, బిడ్డ అర్జీ పెట్టినంత మాత్రాన తల్లిదండ్రులకు రక్షణ వచ్చినట్టు కాదు. ఈ రోజుల్లో ఆ అర్జీయే కొందరిని కోర్టు మెట్లు ఎక్కించవచ్చు. కాబట్టి ముందు సలహా, ఆ తర్వాతే సంతకం.

ఇక మన సంఘాల పెద్దలు ప్రతి రెండేళ్ళకూ సభలు పెట్టి అక్కడి చట్టసభ సభ్యులకు శాలువాలు కప్పుతుంటారు కదా, ఈసారి శాలువాతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. మినహాయింపు నిబంధనలో భార్య, భర్త, తల్లి, తండ్రి అన్నచోట 'బిడ్డ' అన్న ఒక్క మాట చేర్చమని అందులో వ్రాయండి. ఉద్యోగపు వరుసను గురించి అడగండి, తప్పక అడగండి, దానితోపాటే ఇదీ అడగండి. రెండూ ఒకే ఇంటి బాధలు.

మొన్న 2025 బతుకమ్మకు ఆ తల్లి తుక్కుగూడ వచ్చింది. కార్డు చేతికి వచ్చింది కాబట్టి ఆమె ఇప్పుడు వచ్చి పోవచ్చు. ఇరవై అయిదేళ్ళ తర్వాత ఊరు చూడడం. వీధి గుర్తుపట్టలేకపోయింది. అత్తగారి ఫొటోకు దండ వేసి, ఆవిడ కూర్చొనే అరుగు ఎక్కడని అడిగింది. రోడ్డు వెడల్పులో పోయిందని చెప్పాను. మూడు వారాలుండి వెళ్ళిపోయింది. విమానాశ్రయానికి నేను కూడా వెళ్ళాను. టికెట్టు చూపించినవారినే లోపలికి పంపుతారు కనుక అతను ద్వారం దగ్గరే ఆగిపోయాడు. సంచీ ఆమె చేతికిచ్చి, "బిడ్డకు సకినాలు పైన బెట్టిన, చితుకుతయి, జాగ్రత్త" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలా సేపు మాట్లాడలేదు. ఊరి మలుపు దగ్గర అడిగాడు: "సారూ, ఆ కష్టం గురించి రాసిచ్చే ఉత్తరం ఉంది గద, ఆమె తెలుగుల రాసింది. ఇంగ్లీషు జేసి పెడతరా?" ఆ ఉత్తరం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. నాలుగు పుటలు. రెండు పుటలు అయ్యాయి.